చదువు వచ్చిన కథ ఎవరు చెప్పాలి?

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్ళెందరు అని గవర్నర్ థామస్ మన్రో ప్రభుత్వం అంతకు ముందు ఏడాది కలెక్టర్లందరినీ అడిగింది. దానికి ఇది జవాబు. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి బళ్ళారి జిల్లాలో 533 బడులున్నాయనీ, వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులనీ, మొత్తం 6,641 మంది చదువుకుంటున్నారనీ, వాళ్ళలో ఆడపిల్లలు 60 మందేననీ ఆయన లెక్క తేల్చాడు.

అంకెలతో సరిపెట్టకుండా బడి తెల్లవారేసరికి ఎలా మొదలయ్యేదో కూడా రాశాడు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో 'సరస్వతి' అని రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు. వాణ్ణి మెచ్చుకోవడానికీ లేదు, తప్పు పట్టడానికీ లేదని దాని అర్థం. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోతాయి. పద్యాలు గడగడా అప్పజెప్పే ఈ పిల్లలకు వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసునని కూడా క్యాంప్‌బెల్ అన్నాడు. తెలుగుకు వ్యాకరణం రాసిన మనిషి కాబట్టి ఆ మాట అనగలిగాడు.

రెండు వందల ఏళ్ళ తర్వాత చదివినా కళ్ళకు కట్టే వర్ణన ఇది. అయినా ఇది కలెక్టరు గారి కథ. అరచేతిలో సున్న చుట్టించుకున్నవాడు ఆ పూట ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకు ఏమని చెప్పుకున్నాడో, ఆఖరున వచ్చి అన్ని దెబ్బలూ తిన్నవాడు మర్నాడు అసలు బడి మొహం చూశాడో లేదో తెలిసే దారి లేదు. చదువు గురించి మన దగ్గర మిగిలిన కాగితాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. చదువు చెప్పినవాళ్ళో, తనిఖీకి వచ్చినవాళ్ళో, సంస్కరించడానికి పూనుకున్నవాళ్ళో రాసినవి. నేర్చుకున్నవాళ్ళు తమ నోటితో చెప్పినవి బహు తక్కువ.

'నాకు చదువు ఎలా వచ్చింది' అని ఎవరికి వారు చెప్పుకునే కథకు అమెరికా కాలేజీల్లో ఒక పాఠ్యాంశం హోదా ఉంది. డిగ్రీ మొదటి ఏడాదిలో రాత నేర్పే తరగతుల్లో విద్యార్థుల చేత తరచుగా రాయించే వ్యాసం అదే. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ చొరవతో అలాంటి కథలను రాతగానూ, మాటగానూ, వీడియోగానూ పోగుచేసే డిజిటల్ భాండాగారం కూడా ఏర్పడింది. మనకు ఆ పేరుతో ప్రక్రియ లేదు గానీ సరుకుకు కొదవ లేదు. ఆత్మకథల మొదటి అధ్యాయాలు, సన్మాన సభల్లో ప్రసంగాలు, ఉద్యోగ విరమణ సంచికలు, పరీక్షా ఫలితాలు వచ్చిన మర్నాడు జిల్లా పేజీల్లో వెలువడే కథనాలు, అన్నీ చదువు కథలే. చిక్కల్లా, అవి దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఉండటం.

ఆ అచ్చు అందరికీ తెలిసిందే. పూరిపాక, వీధిదీపం, చెప్పుల్లేకుండా మైళ్ళకొద్దీ నడక, అమ్మ మెడలో పుస్తెలతాడు తాకట్టు, చివరికి ర్యాంకో ఉద్యోగమో. పేదరికం చదువుకు అడ్డు కాలేదని శీర్షిక. నిజానికి పేదరికం అడ్డయింది కాబట్టే అది వార్త. ఆ కథలో జరిగినవన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ అచ్చులో పట్టనివి పక్కకు పోతాయి. తమ్ముడి ఫీజు కోసం ఏడో తరగతిలో బడి మాని పత్తి ఏరడానికి వెళ్ళిన అక్క ఒక వాక్యంలో కూడా కనిపించదు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో అన్నం పెట్టిన వంటమనిషి ఊసుండదు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టినప్పటి నుంచి పల్లె పిల్లలకు తిండీ, గూడూ, పుస్తకాలూ ఇచ్చిన ప్రభుత్వ ఏర్పాట్లు తెర వెనుకే ఉండిపోతాయి. వెలుగులో నిలబడేది ఒక్క పట్టుదలే.

డెబోరా బ్రాంట్ అనే అమెరికన్ పరిశోధకురాలు విస్కాన్సిన్ రాష్ట్రంలో మామూలు మనుషుల చదువు కథలు విని, 1998లో ఒక ఆలోచన ముందుకు తెచ్చింది. ఎవరి చదువూ వాళ్ళంతట వాళ్ళకు రాదు, ప్రతి అక్షరం వెనకా ఎవరో ఒకరుంటారు, వాళ్ళను వెతకండి అంది. చదివించినవాళ్ళు, దారి చూపినవాళ్ళు మాత్రమే ఆ జాబితాలోకి వస్తారని అనుకుంటే పొరపాటు. చదువును అడ్డుకున్నవాళ్ళు, కొంతవరకే అందనిచ్చినవాళ్ళు, ఎదుటివాడి చదువు వల్ల లాభపడినవాళ్ళు కూడా అందులో ఉంటారు. చర్చి, సైన్యం, సంస్థానం, పార్టీ, కంపెనీ, ఇంట్లో మగవాళ్ళు, ఎవరైనా కావచ్చు. మిషనరీ బైబిలు చదివించడానికి అక్షరాలు నేర్పుతాడు, పార్టీ కరపత్రం చదివించడానికి నేర్పుతుంది, బ్యాంకు సంతకం కోసం నేర్పిస్తుంది. నేర్చుకున్నవాడు ఆ అక్షరాలతో వాళ్ళు అనుకోనివి కూడా చదువుకుంటాడు.

ఈ చూపుతో మన కథలను తిరగేస్తే కొత్త మనుషులు బయటపడతారు. భండారు అచ్చమాంబ సంగతే చూడండి. 1874లో పుట్టింది, చిన్నతనంలోనే పెళ్ళయింది, బడికి పోయింది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూ ఉంటే ఆ పుస్తకాల పక్కనే ఆమె చదువు సాగింది. 1901కల్లా భారతీయ స్త్రీల చరిత్రను రాసే దాకా వెళ్ళింది. దీన్ని ఒక అసాధారణ స్త్రీ ప్రతిభ అని చెప్పి ముగించవచ్చు, అదీ నిజమే. కానీ తమ్ముణ్ణి బడికి పంపి అక్కను పంపని ఇంటి కథ కూడా అదే. తమ్ముడు పుస్తకం మూసుకుని చదువుకునే రకమైతే ఏమయ్యేదన్నది ఆ కథలో అసలు ప్రశ్న.

ఇక అక్షరం వస్తే చాలు, బతుకు దానంతట అదే మారుతుందన్న నమ్మకం. హార్వీ గ్రాఫ్ అనే చరిత్రకారుడు పంతొమ్మిదో శతాబ్దపు కెనడా పట్టణాల లెక్కలు తీసి, చదువు వచ్చినా జాతినీ వర్గాన్నీ బట్టి పడిన గీతలు పెద్దగా చెరగలేదని 1979లో చూపించాడు. చదువు పనికిరాదని ఆయన అనలేదు. చదువు ఒక్కటే పనిచేసిందని చెప్పే కథను అనుమానించమన్నాడు. ఈ అనుమానాన్ని తెలుగు నేల మీద పరీక్షించడానికి నెల్లూరు జిల్లాను మించిన చోటు లేదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. 1988లో కేంద్రం జాతీయ సాక్షరతా మిషన్ మొదలుపెట్టడం, 1990లో కేరళలోని ఎర్నాకుళం మొదటి సంపూర్ణ అక్షరాస్య జిల్లాగా ప్రకటించుకోవడం దానికి ముందు నడిచిన కథ. పగలంతా పొలం పనికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట ఒకచోట చేరేవారు. జీతం తీసుకోని కార్యకర్త ఒకరు పాఠం చెప్పేవారు. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడేవి. వాచకాల తయారీలో బ్రెజిల్ విద్యావేత్త పావ్లో ఫ్రెయిరి ప్రభావం కనిపిస్తుంది. 1963లో అంజికోస్ అనే చోట కూలీలకు వాళ్ళ పనిలోని మాటలతోనే చదవడం నేర్పిన మనిషి ఆయన. ముందు బొమ్మ చూపించి, దాని గురించి మాట్లాడనిచ్చి, ఆ మాటల్లోంచి ఒక పదం తీసి, పదంలోంచి అక్షరం చూపడం ఆ పద్ధతి. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అనే వరుస కాదన్నమాట.

పెద్దవాళ్ళను వాళ్ళ బతుకు గురించి మాట్లాడనిస్తే ఏం మాట్లాడతారు? నెల్లూరు పల్లెల్లో ఆడవాళ్ళు సారా గురించి మాట్లాడారు. 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఊరి ముంగిటికి పంపుతున్న రోజులవి. కూలి డబ్బు ఇంటికి చేరే లోపు దుకాణంలో ఆవిరయ్యేది. కలిగిరి మండలంలోని దూబగుంటలో ఆడవాళ్ళు కూడబలుక్కుని సారా దుకాణం మూయించారు. తర్వాత దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటికీ తెలిసిన వర్ధినేని రోశమ్మది ఆ ఊరే. అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. దూబగుంట సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పేరుతో అక్షరాస్యతా పుస్తకంలో పాఠమైంది. ఆ ఊరి ఆడవాళ్ళే 'మేము' అంటూ చెబుతున్నట్టుగా రాసిన పాఠం అది. చదువు కోసం కూర్చున్నవాళ్ళు చేసిన పని చదువులోకి ఎక్కి, పక్క ఊళ్ళో చదువు కోసం కూర్చున్నవాళ్ళ ముందుకు వచ్చింది.

ఆ పాఠం విన్న ఊళ్ళు తమ దుకాణాల వైపు నడిచాయి. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం అమలులోకి వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో ఎత్తేశారు, అది వేరే కథ.

ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. ఈ సంఘటనకు ఇప్పుడు మూడు కథలున్నాయి. అక్షరం చైతన్యం తెచ్చింది, చైతన్యం సారాను తరిమింది అన్నది అధికారుల కథ. సభల్లో, వ్యాసాల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. ప్రభుత్వం ఒక చేత్తో పలక ఇచ్చి ఇంకో చేత్తో సారా అమ్మింది, జనం ఆ రెండో చేతిని పట్టుకున్నారు అన్నది ఉద్యమకారుల కథ. ఇక ఆడవాళ్ళు చెప్పుకున్న కథలో దెబ్బలు, పస్తులు, ఇంటికి రాని కూలి డబ్బులు ముందుంటాయి. అక్షరాలు అంత ముందు వరుసలో ఉండవు.

మూడూ అబద్ధాలు కావు. కానీ మొదటి కథను నేను అంత తేలికగా నమ్మను. ఉద్యమంలో ముందు నడిచిన ఆడవాళ్ళందరూ ఆ పాఠాన్ని కూడబలుక్కుని చదివేశారనుకోవడం అమాయకత్వం. చాలామందికి అది వినిపించిన పాఠం. ఒకరు చదివితే పదిమంది విన్నారు, విన్నది ఇంకో పదిమందికి చెప్పారు. అక్షరాస్యతా కేంద్రాలు గట్టిగా నడవని ఊళ్ళకు కూడా ఉద్యమం పాకింది. రాత్రి బడి వాళ్ళకు ఇచ్చినవాటిలో అక్షరం కంటే విలువైనది ఇంకొకటి ఉంది. సాయంత్రం పూట, మగవాళ్ళు లేని చోట, ఏ వంకా చెప్పనక్కర లేకుండా ఆడవాళ్ళు కలిసి కూర్చోవడానికి అది అనుమతి ఇచ్చింది. ఎక్కడికి పోతున్నావని మొగుడు అడిగితే 'బడికి' అని చెప్పవచ్చు. అంతకు ముందు ఆ జవాబు లేదు.

అలాగని ఆ పాఠాన్ని తక్కువ చేయలేం. పొరుగూరి ఆడవాళ్ళు చేసిన పని అచ్చులో చూడటం, మనలాంటి వాళ్ళ మాట పుస్తకంలోకి ఎక్కుతుందని తెలియడం చిన్న సంగతి కాదు. అంతవరకు పుస్తకం అంటే రాజులూ దేవుళ్ళూ ఉండే చోటు. నేర్చుకునేవాళ్ళ కథ నేర్చుకునేవాళ్ళ చేతికే తిరిగి వస్తే అది ఎంత దూరం పోతుందో చెప్పడానికి, నాకు తెలిసినంతలో, తెలుగులో దీనికి మించిన దాఖలా లేదు.

ఉద్యమం తర్వాత నెల్లూరులోనే 'పొదుపు లక్ష్మి' సంఘాలు వచ్చాయి. రోజుకో రూపాయి దాచడం, నెలకోసారి కూర్చోవడం, తీర్మానాల పుస్తకంలో సంతకాలు పెట్టడం. ఆ తర్వాత డ్వాక్రా సంఘాలు రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా అల్లుకున్నాయి. లక్షల మంది ఆడవాళ్ళకు అక్షరంతో మొదటి పరిచయం తమ పేరే.

మా పెద్దమ్మ సంతకం నేర్చుకున్నది అలాగే. ఆమె పేరు రాయదు, గీస్తుంది. ముందు అక్షరాల ఒళ్ళన్నీ వరసగా గీసేసి, తర్వాత వెనక్కి వచ్చి తలకట్లు పెట్టి, ఆఖరున మ కింద వత్తు తగిలిస్తుంది. గుణింతం తెలియదు. అయినా బస్సు బోర్డు మీద మ కనబడితే 'నా అక్షరం ఉంది' అంటుంది. మదనపల్లె బస్సూ, మంగళగిరి బస్సూ ఆమెకు ఆ ఒక్క అక్షరం దాకా వచ్చు. చదువుకున్నావా పెద్దమ్మా అంటే మాత్రం 'నాకేం చదువు నాయనా, సంతకం వచ్చు, అంతే' అని కొట్టిపారేస్తుంది.

జనగణన దృష్టిలో ఆమె నిరక్షరాస్యురాలే. ఏడేళ్ళు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వచ్చినవాళ్ళే అక్షరాస్యులని నిర్వచనం. సంతకం ఒక్కటే చాలదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం అన్నది ఆ నిర్వచనంతో వచ్చిన అంకె. గణకుడు ఎవరి చేతా చదివించి చూడడు. ఇంటి గుమ్మంలో నిలబడి అడుగుతాడు, ఇంట్లో ఉన్నవాళ్ళు చెబుతారు. అమ్మకు చదువు వచ్చా అంటే కొడుకు జవాబిస్తాడు. అంటే అంత పెద్ద అంకె కూడా చివరికి ఒకరి గురించి ఇంకొకరు చెప్పిన ఒంటి మాటల కథల మొత్తమే. అడిగిన పూట పెద్దమ్మ గడపలో తానే ఉండి ఉంటే ఏం చెప్పేదో ఇందాక చూశాం. మ గురించి అక్కడ గడి ఉండదు.

కథ ఎవరు చెప్పారన్న దానితో పాటు ఏ భాషలో చెప్పారన్నది కూడా ఇక్కడ తేలాలి. ఇంట్లో ఒక మాట, బడిలో ఇంకో మాట ఉన్న పిల్లలకు చదువు కథ మొదటి రోజునే రెండుగా చీలుతుంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న రోజుల్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సవరలోనే పాఠాలు రాశాడు, బడులు పెట్టించాడు, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చాడు. కొండల్లో తిరిగి మలేరియా పట్టుకుంటే వాడిన మందు వల్ల చెవుడు వచ్చిందని చెబుతారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం వెనక ఈ సవర అనుభవం ఉందని మనం తరచుగా మరిచిపోతాం. ఆగస్టు 29న ఆయన పేరిట చేసే ఉత్సవాల్లో సవర మాట ఎన్ని వేదికల మీద వినిపిస్తుందో గమనించండి.

గిడుగు కథ మనకు బాగానే తెలుసు. అదే కాలంలో ఒడిశా వైపు కొండల్లో నడిచిన ఇంకో కథ మాత్రం తెలుగులో పెద్దగా వినపడదు. 1936లో మంగెయి గొమాంగో అనే సవర మనిషి తమ భాషకు సొంత లిపి ప్రకటించాడు. అందులోని 24 అక్షరాలకూ సవర దేవతలతో ముడి ఉంది. అక్షరాలకు పూజ జరుగుతుంది. భాషాశాస్త్రం ప్రకారం ఏ లిపి మెరుగన్న చర్చ నాకు అక్కర్లేదు. ఒక కథలో అక్షరం బయటి నుంచి వచ్చిన మేలు, ఇంకో కథలో అది తమ దేవతలే ఇచ్చింది. రెండో కథ చెప్పుకునే పిల్లవాడు బడి గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడనక్కర లేదు.

భాష వల్ల తల వంచుకోవలసిన కథలు తెలుగువాళ్ళకు కొత్త కావు. 1921 నవంబరులో హైదరాబాదులో మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేసి కూర్చోబెట్టారు. ఉర్దూ రాజభాష, సభలో మరాఠీ వాళ్ళ బలం ఎక్కువ. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాత ఆంధ్ర మహాసభగా పెరిగినది ఆ విత్తనమే. తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో ఈ సంఘటన ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. ఒక మనిషికి జరిగిన అవమానం ఒక ప్రాంతం చదువు కథకు మొదటి పేజీ అయింది.

ఆ కథకు ఇవాళ్టి రూపం 'నేను తెలుగు మీడియం'. ఇంటర్వ్యూల్లో, యూట్యూబ్ మాటల్లో, పెళ్ళి పందిళ్ళలో కూడా వినిపించే మాట ఇది. కొందరు ఛాతీ విరిచి చెబుతారు, కొందరు గొంతు తగ్గించి చెబుతారు, తరచుగా ఒకే మనిషి చోటును బట్టి రెండు రకాలుగానూ చెబుతాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తేవాలని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు జరిగిన వాదనలు గుర్తు చేసుకోండి. తెలుగులో చదివే ఇంత వాళ్ళమయ్యామని కొందరు, తెలుగులో చదివినందుకే వెనకబడ్డామని కొందరు. ఇద్దరూ సాక్ష్యంగా పెట్టింది తమ బతుకే.

సొంత కథను సాక్ష్యంగా పెట్టడం తప్పు కాదు. కానీ అలా పెట్టినప్పుడు మిగతా సామాను కూడా బల్ల మీద పెట్టాలి. తెలుగు మీడియంలో చదివి పెద్ద ఉద్యోగం చేసినాయన ఇంట్లో తండ్రి పంతులా, కూలీనా? ఇంట్లో పుస్తకాల బీరువా ఉందా? చేరిన పట్నంలో ఉండటానికి మేనమామ ఇల్లు ఉందా? ఇంగ్లీషు రాక అవమానపడ్డానన్న మనిషిని కాలేజీలో నిజంగా వెనక్కి నెట్టింది ఇంగ్లీషా, కులమా, రెండూ కలిసా? ఈ ప్రశ్నలకు జవాబులు లేకుండా ఏ కథా ఏ మీడియానికీ రుజువు కాదు. తెలుగు మీద మమకారంతో రాసే మనలాంటి వాళ్ళు ఈ పరీక్షను ముందు మన కథలకే పెట్టుకోవాలి.

మరి ఇలాంటి కథ రాయాలన్నా, పెద్దవాళ్ళ చేత చెప్పించాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలి? 'మీరు ఎలా చదువుకున్నారు' అని అడిగితే అచ్చులో పోసిన కథే బయటికి వస్తుంది. ఎదుటివాళ్ళ తప్పు కాదు, ఆ ప్రశ్నకు ఆ జవాబే ఇవ్వాలని అందరికీ తెలుసు. వస్తువుల గురించి అడిగితే దారి మారుతుంది. మొదటి పలక ఎవరు కొన్నారు, అది రాతి పలకా, రేకు పలకా? బలపం అరిగిపోతే ఏం చేసేవాళ్ళు? బడిలో కాకుండా మొదట చదివిన కాగితం ఏది? సినిమా పోస్టరా, పొట్లం కట్టిన పత్రికా ముక్కా, ఎరువు బస్తా మీద పేరా? మీ ఇంట్లో ఇంకెవరికి చదువు రాలేదు, ఎందుకు? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర చాలామంది కాసేపు ఆగుతారు. అక్కల పేర్లు బయటికి వచ్చేది అక్కడే.

చదువు రానివాళ్ళ దగ్గర కూడా చదువు కథలుంటాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మగవాళ్ళు దుబాయి, మస్కట్ వెళ్ళిన తొలి రోజుల్లో ఇంటికి వచ్చిన ఉత్తరం చదివి పెట్టడానికి ఎవరో ఒకరు కావాలి. పోస్టుమాన్ అయినా, పక్కింటి పదో తరగతి కుర్రాడైనా చదవాలి. మొగుడు భార్యకు రాసుకున్న మాట మూడో మనిషి నోటి వెంట వినాలి. జవాబు కూడా అతని చేతే రాయించాలి, కాబట్టి రాయించలేని మాటలు రాయకుండానే ఉండిపోయాయి. టేపురికార్డరు వచ్చాక కొందరు క్యాసెట్లో మాట్లాడి పంపడం మొదలుపెట్టారు. అక్షరం అవసరం లేకుండా ఉత్తరం రాసే వీలు కలిగింది. ఇవాళ వాట్సాప్‌లో గొంతు సందేశం పంపే అవ్వలు చేస్తున్నది అదే పని. ఎవరు ఏ ఉత్తరాన్ని ఎవరి చేత చదివించుకున్నారో, ఏ వాక్యం దగ్గర చదివేవాడు తడబడ్డాడో అడిగి చూడండి. అక్షరాస్యత శాతాలు చెప్పనివి వినపడతాయి.

వినడం ఒక ఎత్తు, రాయడం ఒక ఎత్తు. మాటను కాగితం మీద పెట్టేటప్పుడు మన చెయ్యి దానంతట అదే సర్దుబాట్లు చేస్తుంది. యాస పోతుంది, తిట్లు పోతాయి, ముందు వెనకలుగా చెప్పినది వరుసలోకి వస్తుంది. 1980లలో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలను టేపుల మీద రికార్డు చేసి పుస్తకంగా తెచ్చినప్పటి నుంచి ఈ చర్చ తెలుగులో నడుస్తూనే ఉంది. నా మట్టుకు నేను యాసను ఉంచమంటాను, వరుసను మార్చవద్దంటాను. ఒక మనిషి తన చదువు కథను బడితో మొదలుపెట్టకుండా పెళ్ళితో మొదలుపెడితే దానికి కారణం ఉంటుంది. మనం ఆ పెళ్ళిని నాలుగో పేజీకి జరిపితే ఆ కారణం పోతుంది.

రాశాక ఆ మనిషికి చదివి వినిపించడం తప్పనిసరి. చదవడం వచ్చినవాళ్ళకైనా సరే, గట్టిగా చదివి వినిపించాలి. అప్పుడు వాళ్ళు దిద్దుతారు. నాకు ఎదురైనంతలో, ఎక్కువమంది తీసెయ్యమనేది తమను గేలి చేసినవాళ్ళ పేర్లు, కొత్తగా చేర్చమనేది ఎప్పుడో పలక కొనిపెట్టినవాళ్ళ పేర్లు. తీసెయ్యమన్న పేరు తీసెయ్యాలి, ఊళ్ళో బతకవలసింది వాళ్ళు. చేర్చమన్న పేరును మాత్రం కథ చివర కృతజ్ఞతల్లో పడెయ్యకుండా అది తగిలే చోటే పెట్టాలి.